నారింజ వాసన

ఏప్రిల్ ఇరవై ఏడు, ఆదివారం. ఆ పొద్దున ఆ ఇంట్లో ముగ్గురూ కాల్చిన రొట్టె ముక్కలూ నారింజపళ్లూ తిన్నారు. పెద్దాయనకు ఆ తేదీ ఇప్పటికీ గుర్తుందంటే అది ఆ పళ్ల వల్లే. వారం రోజులుగా ఆ ఇంట్లో మరో పండు కనబడలేదు. బల్లమీది బుట్టలో నారింజలు, ఫ్రిజ్‌లో నారింజలు, చెత్తడబ్బాలో నారింజ తొక్కలు.

"పళ్లకొట్టు పెడుతున్నావా ఏంటి నాన్నా? ముందే చెప్తే ఉద్యోగం మానేసి వచ్చి తక్కెడ పట్టుకుంటాగా" అన్నాడు కొడుకు, బూట్ల లేసులు కట్టుకుంటూ. అతనిది లిఫ్టులు బాగుచేసే పని. ఆదివారమైనా సరే, ఎవరో ఒకరు ఎక్కడో రెండంతస్తుల మధ్య ఇరుక్కోక మానరు.

"ఒంటికి మంచిదిరా."

"ఒంటికి సరే. నిన్న నా చొక్కా కూడా నారింజ వాసనేసింది."

కోడలు తన పండును తొనలు తొనలుగా విడదీసి, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, రేసు చేతితొడుగుల్లో ఒకదాని కుట్టు ఊడిందేమోనని చూసుకుంటోంది.

ఆ పళ్లు ఒంటికి మంచివని కొన్నవి కావు. వెనక షెడ్డులో ఉన్న వాసనను కప్పిపుచ్చడానికి కొన్నవి.

పెద్దాయన చెప్పుల అడుగులు తయారుచేసే కార్ఖానాలో, రబ్బరు పరీక్షించే గదిలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏ రబ్బరు ఎంత సాగుతుందో, తడి బండమీద ఏది నిలబడుతుందో, ఏది మోసం చేస్తుందో వేలితో నొక్కి చెప్పగలరు. ఊరందరి కాళ్లకిందా జారని అడుగులు వేసిన మనిషి. ఆయన భార్య మాత్రం వానకు తడుస్తున్న బట్టలు తీసుకొద్దామని పరుగెత్తి, సొంత ఇంటి పెరటి మెట్టు మీద జారిపడి చనిపోయింది.

ఆ తర్వాత ఆయన ఇంటినిండా రబ్బరు పట్టాలు పరిచారు. మెట్లమీద, స్నానాలగదిలో, కుర్చీల కాళ్లకింద, చివరికి మంచం పక్కన కూడా. "మా ఇంట్లో జారేది సబ్బొక్కటే" అని కొడుకు స్నేహితులతో అంటాడు. ఆ పట్టాలకు చెప్పులు అతుక్కుని కోడలు ఒకటి రెండుసార్లు ముందుకు తూలింది కూడా. తూలిన ప్రతిసారీ నవ్వేసి, "నేలకి నేనంటే మహా ప్రేమ, వదలడం లేదు మామయ్యా" అనేది.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. వారమంతా ఇతరుల విరిగిన ఎముకలు చూసి, నెలకో ఆదివారం, మోటారుసైకిలులా హ్యాండిలు పట్టి నడిపే నాలుగు చక్రాల రేసు బండెక్కి, ఊరి చివర మట్టి ట్రాకుమీద తన ఎముకలను పందెం పెడుతుంది. అది పెద్ద పోటీ ఏమీ కాదు. తాళాలు చేసేవాళ్లు, బస్సు డ్రైవర్లు, కుట్టుపనివాళ్లు, సెలవురోజు దుమ్ము మింగాలని ముచ్చటపడేవాళ్లంతా వస్తారు. బండి ఆమెది, టైర్లు మామగారివి. భార్య పోయాక మాటలు తగ్గిపోయిన మనిషి, టైర్ల పుణ్యమా అని మళ్లీ భోజనాల దగ్గర నోరు విప్పుతున్నారు. ఏ రోజు మట్టికి ఎంత గాలి పెట్టాలి, టైరుమీది ఏ గుబ్బను ఎంత కోయాలి అని మామాకోడళ్లిద్దరూ వాదించుకుంటుంటే కొడుకు చేయి కడుక్కుని లేచిపోయేవాడు.

కిందటి నెల రేసులో మూడో మలుపు దగ్గర ఆమె బండి వెనకభాగం జారింది. గిర్రున తిరిగి, వచ్చే బళ్లకు ఎదురుగా మొహం పెట్టి ఆగింది. వాళ్లు అటొకరూ ఇటొకరూ తప్పుకుని పోయారు కాబట్టి సరిపోయింది. ఆమె దిగి వచ్చి, "చూశారా, బొంగరం!" అని నవ్వింది. పెద్దాయన కూడా నవ్వారు. కానీ ఆ క్షణంలో ఆయన కళ్లముందు కదిలింది బండి కాదు, పెరటి మెట్టు.

"ఈసారి గాట్లు కొంచెం పెంచుదాం మామయ్యా. అంచులు పట్టుకుంటాయి" అందామె.

"మెత్తబరిచే మందు పూస్తే ఇంకా బాగా..."

"వద్దు. మందొద్దు." ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. "జారబోయే ముందు టైరు నాకు చెప్తుంది. నడుముకి తెలుస్తుంది, ఇదిగో వదిలేస్తున్నానని. ఆ మందేస్తే చెప్పడం మానేస్తుంది."

సరేనన్నారు. వేడి బ్లేడుతో గుబ్బ గుబ్బకీ అడ్డంగా సన్నటి గాట్లు కోశారు. రెండు సాయంత్రాల పని. అక్కడితో ఆగిపోయి ఉంటే సరిపోయేది. మూడో రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పాత స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న డబ్బా మూత తీశారు. నారింజ తొక్కల నూనెతో చేసే ద్రావకం అది. కొంచెం కుంచెతో పూసి, ప్లాస్టిక్ కవరు చుట్టి వదిలేస్తే రాత్రికి రాత్రి రబ్బరులోకి ఇంకిపోతుంది. పొద్దున కవరు విప్పి, గట్టితనం కొలిచే చిన్న మీటరు టైరుకు ఒత్తి చూశారు. ముల్లు కిందికి దిగింది. మర్నాడు ఇంకాస్త పూశారు. ముల్లు ఇంకాస్త దిగింది. అది దిగుతున్నకొద్దీ ఆయన గుండెల్లో బరువు దిగుతున్నట్టే ఉండేది.

"షెడ్లో ఏంటో నారింజ వాసన" అంది కోడలు, రేసుకు సరిగ్గా వారం ముందు.

"నేనే. అక్కడ కూర్చుని తిన్నాను" అన్నారాయన. వెంటనే బజారుకు వెళ్లి రెండు సంచుల పళ్లు తెచ్చారు.

ట్రాకు దగ్గరికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. కోడిగుడ్డు ఆకారంలో ఎర్రటి బంకమట్టి దారి. బయటి అంచున వదులు మట్టి గుట్టగా పేరుకుంది. అది దాటితే పాత టైర్ల గోడ. బళ్లు సిద్ధం చేసుకునే చోటు ఆ చుట్టుదారి లోపలి ఖాళీ జాగాలో ఉంది. అక్కడికి చేరాలంటే ట్రాకు దాటి వెళ్లాలి. నీళ్ల ట్యాంకరు నీడలో దాని డ్రైవరు పనిముట్లు పరుచుకుని, అరచేతుల నిండా గ్రీజుతో కూర్చుని ఉన్నాడు.

"పంపు చచ్చింది పెద్దాయనా. పొద్దున ఒక్క చుట్టే తడిపాను" అన్నాడు. "ఇక ఇవాళ మట్టి ఎలా ఉంటే అలాగే. నన్ను తిట్టుకోకండి." అంటూనే తాను కూర్చున్న చెక్కపెట్టెను ఆయన వైపు జరిపి, తాను నేలమీదికి దిగాడు.

నీళ్లు లేవంటే దుమ్ము లేస్తుందనీ, దుమ్ములో బళ్లు జారతాయనీ అనుకున్నారు పెద్దాయన. మందు పూసి మంచిపనే చేశానని ఆ పెట్టెమీద కూర్చుని తనను తానే మెచ్చుకున్నారు కూడా.

ప్రాక్టీసులో కోడలు కొన్ని చుట్లు తిరిగి వచ్చి, హెల్మెట్ తీయకుండానే అద్దం పైకెత్తింది.

"మామయ్యా, టైర్లకి ఏమైనా చేశారా?"

ఆయన వంగి బూటుకంటిన మట్టి దులుపుకున్నారు. "గాట్లే. నువ్వు చెప్పినట్టే. ఏం?"

"రెండో మలుపులో ఎడమ చక్రాలు నేల వదిలాయి. ఎప్పుడూ లేదు ఇలా. వెనకభాగం జారుతుందేమోనని చూస్తున్నా, జారడం లేదు. ఠక్కున లేపేస్తోంది."

పక్క బండిమీద ఉన్న తాళాల పనివాడు తల తిప్పాడు. ముళ్లలాంటి గుబ్బలున్న టైర్లు తప్ప మరోటి వాడడు కాబట్టి అందరూ అతన్ని ముళ్లపంది అంటారు. అతనూ పలుకుతాడు. "టిఫిన్ ఎగ్గొట్టావా అమ్మాయ్? బరువు లేకపోతే లేవదా మరి? నన్ను చూడు, నన్ను లేపాలంటే క్రేను కావాలి."

"నీకు క్రేను కాదు, అలారం కావాలి. స్టార్టింగ్‌లో నిద్రపోతావు" అని అతనికి బదులిచ్చి, మళ్లీ మామగారి వైపు తిరిగింది. "నిజంగా ఏం చెయ్యలేదుగా?"

అప్పుడు చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే పాత టైర్లు వేసుకుంటుంది. పాత టైర్లేస్తే మూడో మలుపు, బొంగరం, ఎదురుగా వచ్చే బళ్లు.

"ఏం చెయ్యలేదమ్మా" అన్నారు.

"అయితే తప్పు నాదే. సరిగ్గా వంగడం లేదేమో. ఇంకా లోపలికి వంగాలి." ఆయన మాటను ఆమె అంత సులువుగా నమ్మింది. అద్దం దించుకుంది.

మొదటి విడత పోటీలో ఆమె రెండో స్థానంలో వచ్చింది. ప్రతి మలుపులోనూ బండిమీంచి దాదాపు కిందికి వేలాడుతున్నట్టు ఎడమవైపుకు వంగింది. అయినా లోపలి చక్రాలు నేలమీద ఆనీ ఆనకుండా తేలుతున్నాయి. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దాయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఒళ్లోనే ఉండిపోయాయి.

ఫైనల్‌కు ముందు విరామం ఇచ్చారు. కోడలికి చల్లటి నీళ్లసీసా తెద్దామని ఆయన ట్రాకు దాటి బయటున్న కొట్టుదాకా వెళ్లారు. తిరిగి వస్తున్నప్పుడు మొదటిసారి ఆ దారిని దగ్గరగా చూశారు. పొద్దున పొడిపొడిగా, ఎర్రగా ఉన్న మట్టి ఇప్పుడు అలా లేదు. వదులు మట్టినంతా చక్రాలు బయటికి చిమ్మేశాయి. లోపలివైపు, బళ్లన్నీ నడిచే చోట, ఒక నల్లటి పట్టీ ఏర్పడింది. మట్టి గట్టిపడి, దానిమీద టైర్ల రబ్బరు అరిగి అతుక్కుని, నున్నగా మెరుస్తోంది. చూడడానికి నూనె పోసినట్టుంది. ఇదెంత జారుతుందో అనుకుంటూ జాగ్రత్తగా కాలు వేశారు.

కాలు జారలేదు. కాలు అక్కడే ఉండిపోయింది. బూటు అడుగు ఆ పట్టీని కరుచుకుంది, ఒళ్లు మాత్రం ముందుకు వెళ్లింది. మోకాళ్లూ అరచేతులూ నేలకు తగిలాయి. నీళ్లసీసా దొర్లిపోయింది.

అలాగే మోకాళ్లమీద ఉండి ఆయన అరచేతిని ఆ నలుపుమీద పెట్టి తోసి చూశారు. చర్మం పట్టుకుంది. ఇంట్లో రబ్బరు పట్టాకు చెప్పు అతుక్కుని ముందుకు తూలే కోడలు గుర్తొచ్చింది. అప్పుడు అర్థమైంది. మలుపులో బండికి కొంత జారడం కావాలి. ఆ కాస్త జారే దయ ఉండబట్టే ఇన్నాళ్లూ బండి నాలుగు చక్రాలమీద నిలబడింది. పట్టుకునే నేలమీద పట్టుకునే టైరు పెడితే, చక్రం నిలబడిపోతుంది, బండి దాని మీదుగా బోర్లా పడుతుంది. వారం రోజులు కష్టపడి, ప్రేమగా పూసి, ఆ జారడాన్నే తాను తీసేశారు. పైగా అడిగితే అబద్ధం చెప్పారు.

వెనక ఇంజన్లు ఒక్కొక్కటే గర్జించడం మొదలుపెట్టాయి.

ఆయన పరుగెత్తి ఎన్నేళ్లయిందో. బళ్లు అప్పటికే వరసలో నిలబడ్డాయి. జెండా పట్టుకున్న మనిషి రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు, "ఎక్కడికండీ! తప్పుకోండి! తప్పుకోండి పెద్దాయనా!" ఆయన ఆగలేదు. కోడలి బండి ముందుకు వెళ్లి హ్యాండిలు రెండు చేతులా పట్టుకున్నారు.

"మందు పూశాను!" అని అరిచారు. ఇంజన్ల మోతలో తన గొంతు తనకే వినబడలేదు. "టైర్లకి! మందు! నాలుగింటికీ!"

ఆమె అద్దం ఎత్తింది. ఆ కళ్లలో కోపం వస్తుందని ఎదురుచూశారు. రాలేదు. ఏదో లెక్క సరిపోయినట్టు ఒక్కసారి రెప్పలు పడి లేచాయి.

"నారింజలు" అంది.

"దిగమ్మా. దిగిపో. లోపల నేలంతా పట్టేసింది, నేను చూశాను, పడ్డాను..."

"ఇంకో నిమిషంలో మొదలెట్టకపోతే అందర్నీ ఇంటికి పంపుతా!" అని జెండా మనిషి కేక. అటూ ఇటూ బళ్లమీద ఉన్నవాళ్లు విసుగ్గా చూస్తున్నారు. కోడలు ట్రాకు వైపు చూసింది. నల్లటి పట్టీని చూసింది, బయటి అంచున పేరుకున్న ఎర్రటి వదులు మట్టిని చూసింది.

"నేను బయటినుంచి వెళ్తాను. తప్పుకోండి మామయ్యా" అంది. మెల్లగానే అంది. అంత మెల్లగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ట్యాంకరు డ్రైవరు వచ్చి ఆయన భుజం చుట్టూ చేయివేసి పక్కకు తీసుకెళ్లాడు. గ్రీజు అంటుతుందని అరచేయి ఆనకుండా మణికట్టుతోనే పట్టుకున్నాడు.

జెండా కిందికి దిగింది.

అన్నమాట ప్రకారం ఆమె బయటి దారినే పట్టింది. వదులు మట్టిలో వెనక చక్రాలు దున్నుతున్నాయి, బండి పక్కకు జారుతోంది, సర్దుకుంటోంది. జీవితంలో మొదటిసారి పెద్దాయన ఒక బండి జారుతుంటే చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఇంకా జారు, ఇంకొంచెం జారు అని లోలోపల గొణుక్కున్నారు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆమె వెనకబడింది. వెనకబడితేనేం.

సగం పోటీ అయ్యాక బయటి దారిలో ఆమెకు ముందు వెళ్తున్న బండి ఒకటి వదులు మట్టిలో అడ్డం తిరిగింది. ఆమెకు ఎదురుగా దారి లేదు. ఎడమకు కోసి లోపలికి దిగింది. మూడో మలుపు. నల్లటి పట్టీ.

చక్రాలు పట్టుకున్నాయి.

లోపలి రెండు చక్రాలూ నేల వదిలి పైకి లేచాయి. జారడానికి ముందు టైరు చెప్తుందని ఆమె అంటుంది. ఇక్కడ ఏమీ చెప్పలేదు. బండి ఒక పక్కకు లేచి, పడుతుందా నిలబడుతుందా అన్నట్టు అలాగే ఉండిపోయింది. పొద్దున చెప్పినట్టు తప్పు తనదే అనుకుని ఉంటే, ఆమె ఇంకా లోపలికి వంగి, హ్యాండిలు ఎడమకే పట్టి ఉంచేది. బండి ఆమె మీద పడేది. కానీ ఇప్పుడామెకు తెలుసు. హ్యాండిలు కుడికి వదిలేసింది. చక్రాలు దబ్బున నేలకు దిగాయి. బండి తిన్నగా బయటికి దూసుకెళ్లి, వదులు మట్టిని చీల్చుకుని పాత టైర్ల గోడను గుద్దింది. ఆమె ఎగిరి పక్కన మట్టిలో పడింది.

దుమ్ము. అందులో ఏమీ కనబడలేదు.

ఆమెకంటే ఒక చుట్టు ముందున్న ముళ్లపంది అప్పుడే వెనకనుంచి వస్తున్నాడు, గెలిచే స్థానంలో ఉన్నాడు. అతను బండిని అడ్డంగా తిప్పి, ఆమె పడ్డచోటికి ముందు నిలబెట్టి, దానిమీదెక్కి నిలబడి రెండు చేతులూ ఊపాడు. మిగతావాళ్లు ఆగారు.

పెద్దాయన చేరేసరికి ఆమె లేచి కూర్చుని ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, తన ఆసుపత్రి బల్లమీద ఎవరి చెయ్యో పెట్టుకున్నట్టు దీక్షగా చూస్తోంది.

"మణికట్టు. లావు ఎముక" అంది. పెదవులు తెల్లబడ్డాయి. "ఎక్స్‌రే ఫిల్మ్ కూడా అక్కర్లేదు."

"ఇంకేమీ లేదుగా? తల? మెడ?" అడిగాడు ముళ్లపంది.

"తల బాగానే ఉంది. నీ మొహం గుర్తుపట్టాగా, అదే నా దురదృష్టం."

పెద్దాయన ఆమె పక్కన మట్టిలో కూలబడ్డారు. ఆమె ఎడమచేయి చాపి, ఆయన గీరుకుపోయిన అరచేతిని తిప్పి చూసి, అంటుకున్న మట్టిని బొటనవేలితో తుడిచింది. తర్వాత చేయి వెనక్కి తీసుకుంది.

కట్టు కట్టించుకుని ఇంటికి వస్తున్నప్పుడు వ్యాను ముళ్లపంది నడిపాడు. వెనక సీటులో మామాకోడళ్లు చెరో కిటికీ దగ్గరా కూర్చున్నారు.

"పొద్దున అడిగాను కదా మామయ్యా" అంది ఆమె, కిటికీలోంచే చూస్తూ.

"అడిగావమ్మా."

ఇంకొంత దూరం పోయాక, "ఇంట్లో నారింజలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎవరికైనా ఇచ్చెయ్యండి. నాకు పడవు. గుండెల్లో మంట."

వారమంతా ఆమె తొన తర్వాత తొన నోట్లో వేసుకోవడం ఆయన కళ్లముందు మెదిలింది. ఒక్కరోజు వద్దన్నా ఆయన నొచ్చుకుంటారని తింది. వేలితో నొక్కి రబ్బరు మనసు తెలుసుకునే మనిషికి ఎదురుగా కూర్చుని తినే మనిషి బాధ తెలియలేదు.

ఇంట్లో కొడుకు ఆ కట్టు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏమైంది?"

"మట్టి ఎండిపోయింది. బండి ఎత్తేసింది. అంతే" అంది ఆమె.

"నా వల్లరా" అన్నారు పెద్దాయన. "నేను టైర్లకి..."

"నువ్వూరుకో నాన్నా. ప్రతిదీ నీ నెత్తినేసుకుంటావు. అమ్మ విషయంలోనూ అంతే. నువ్వు గాట్లు కోస్తే బండి ఎగురుతుందా?" కొడుకు ఆమెను జాగ్రత్తగా లోపలికి నడిపించాడు. ఆమె వెనక్కి తిరిగి మామగారి వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. అది ఉండుంటే ఆయనకు తేలికగా ఉండేది.

మెట్లమీది రబ్బరు పట్టా దగ్గర ఆమె ఆగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఒట్టికాళ్లతో పైకెక్కింది.

పెందలాడే భోజనాలయ్యాయి. పళ్లబుట్ట బల్లమీంచి మాయమైంది. దాన్ని ఎవరు తీశారో ఆయన అడగలేదు. తన గదిలోకి వెళ్లి దీపం వేసుకోకుండా కిటికీ పక్కన కూర్చున్నారు. పెరట్లో ఇంకా కొంచెం వెలుతురుంది. షెడ్డు తలుపు ఎప్పటిలాగే ఓరగా తెరిచి ఉంది. ఆ తలుపుకు తాళమనేది ఎప్పుడూ లేదు. పొద్దునా సాయంత్రమూ ఏ వేళకు బుద్ధిపుడితే ఆ వేళకు మామగారు వెళ్లి టైర్ల దగ్గర కూర్చోవాలి కదా అని కోడలే వద్దంది. లోపల డబ్బా అడుగున ఇంకా కొంత మందు మిగిలే ఉంది. రేపు పారబోయాలి అనుకున్నారు. ఆ వెంటనే, పాత టైర్లు వేసుకుని వానలో గనక ఆమె రేసుకు వెళ్తే, అన్న ఆలోచన మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. దాన్ని ఆయన పొమ్మనలేకపోయారు.

పెరటి మెట్టుమీద ఎవరో దిగారు. కోడలు. మెడకు కట్టిన చెయ్యి గుండెకానించుకుని, ఒట్టికాళ్లతో షెడ్డు దాకా నడిచింది. లోపలికి వెళ్లలేదు. ఎడమచేత్తో తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గొళ్లెం గీసుకోకుండా పైకెత్తి పెట్టింది. తర్వాత జేబులోంచి కొత్త తాళం తీసింది. తాళాల పనివాడు, ముళ్లపంది, ఆసుపత్రి దగ్గర ఇచ్చిందై ఉండాలి. ఒంటిచేత్తో దాన్ని గొళ్లేనికి తగిలించడానికి చాలాసేపు పట్టింది. ఒకసారి జారింది, ఇనుము ఇనుముకు తగలబోతుంటే అరచేత్తో ఆపుకుంది. మళ్లీ ప్రయత్నించింది.

అది పడ్డాక తాళంచెవిని జేబులో వేసుకుని, ఆయన కిటికీ వైపు తలెత్తి చూసింది. గది చీకటిగా ఉంది. నిద్రపోయారనుకుని ఉంటుంది. ఆయన కదల్లేదు. అంత కష్టపడి వినబడకుండా వేసిన తాళం వినబడలేదనే ఆమె అనుకోవాలని, ఊపిరి కూడా మెల్లగా వదిలారు.